పాత టీవీ బండ్ల బొమ్మలు: కోర్గీ కొనాలా, ఎర్టల్ కొనాలా, కొత్త హాట్ వీల్స్‌తో సరిపెట్టుకోవాలా?

చేతిలో ఓ పది, పదిహేను వేలు పెట్టుకుని "టీవీ షోలలో వచ్చిన బండ్ల బొమ్మలు జమ చేద్దామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి" అని అడిగేవాళ్లకు నేను ముందు ఒక్కటే చెప్తా. అన్నీ కొనకండి. బ్యాట్‌మ్యాన్ ఒకటి, నైట్ రైడర్ ఒకటి, ఏ-టీమ్ వ్యాన్ ఒకటి, ఇంకేదో షోది ఇంకొకటి అని దొరికిందల్లా వేసుకుంటూ పోతే పైసలు అయిపోతాయి, బీరువా నిండుతుంది, కానీ అందులో చెప్పుకోదగ్గ బండి ఒక్కటీ ఉండదు.

మన ముందు ఉన్న దారులు మూడు. 60లు, 70లలో బ్రిటన్‌లో తయారైన కోర్గీ, డింకీ బండ్లు ఒకటి. 80ల మొదట్లో అమెరికావాళ్ల ఎర్టల్ చేసినవి రెండోది. ఇప్పుడు కొత్తగా వస్తున్న హాట్ వీల్స్, గ్రీన్‌లైట్, జాడా లాంటివి మూడోది. నా ఓటు మొదటిదానికే, అదీ అట్టపెట్టె లేకుండా, మళ్లీ రంగు వేయకుండా, ఎవరో పిల్లలు బాగా ఆడుకుని అంచుల్లో పెయింట్ లేచిపోయిన బండికి. ఆ మాట వినగానే చాలామంది మొహం మాడ్చుకుంటారు, "పాతది, గీతలు పడ్డది, దానికి అన్ని పైసలా" అని. ఎందుకో చెప్తా. అందరికీ అది నప్పదు కూడా, ఆ సంగతీ చెప్తా.

కోర్గీతో మొదలుపెడదాం. 1956లో మెట్టోయ్ అనే కంపెనీ వేల్స్‌లోని స్వాన్సీలో మొదలుపెట్టింది, వేల్స్ కుక్క జాతి పేరే దీనికి పెట్టుకున్నారు. అప్పటికే మార్కెట్‌ను ఏలుతున్న డింకీ బండ్లకు కిటికీ అద్దాలు ఉండేవి కావు, కోర్గీవాళ్లు ప్లాస్టిక్ అద్దాలు పెట్టి అదే చెప్పుకుని అమ్ముకున్నారు. ఆ తర్వాత తలుపులు తెరుచుకోవడం, బానెట్ లేవడం, సస్పెన్షన్, ఇట్లా ఒక్కోటి చేర్చుకుంటూ పోయి 1965లో జేమ్స్ బాండ్ ఆస్టన్ మార్టిన్‌తో దుమ్ము దులిపారు. అది సినిమా బండి కాబట్టి ఇక్కడ పక్కన పెడదాం. టీవీ బండ్లలో అసలు రాజు 1966లో వచ్చిన 267 నంబర్ బ్యాట్‌మొబైల్, అంటే బ్యాట్‌మ్యాన్ షోలో వాడు తిరిగే కారు.

దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. అయిదంగుళాల పొడవు, అరచేతిలో బరువు తెలుస్తుంది. ముందు ముక్కు దగ్గర ఉన్న గబ్బిలం గుర్తును వేలితో నొక్కితే గొలుసులు కోసే బ్లేడు టక్కున బయటికి వస్తుంది. సీట్ల వెనక మూడు గొట్టాలు ఉంటాయి, పక్కనున్న చిన్న చక్రాన్ని బొటనవేలితో తిప్పితే వాటిలోంచి పసుపు రంగు ప్లాస్టిక్ రాకెట్లు ఒక్కొక్కటిగా ఎగురుతాయి. బండిని నేల మీద దొర్లిస్తే వెనక సైలెన్సర్‌లోంచి ఎర్రటి మంట ముందుకూ వెనక్కూ ఆడుతుంది, చక్రాలు తిరిగితేనే ఆడుతుంది, దానికి బ్యాటరీ లేదు, ఏమీ లేదు. 1966లో పిల్లల బొమ్మలో ఇంత పనితనం పెట్టారంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. బ్యాట్‌మ్యాన్, రాబిన్ ఇద్దరూ లోపల కూర్చుని ఉంటారు. ఆ షో 1966 నుంచి 1968 దాకా మాత్రమే వచ్చింది, బొమ్మ మాత్రం 80ల మొదటి దాకా అమ్ముడవుతూనే ఉంది.

అందుకే కొనేవాళ్లకు ఇది మంచిది. చాలా ఏండ్లు తయారైంది కాబట్టి బాగానే దొరుకుతుంది, కానీ ఏ ఏడాదిదో చూసుకోవాలి. మొదట్లో వచ్చినవాటికి నలుపు రంగు మెరుపు లేకుండా ఉండేది, వెనక పడవను లాగే కొక్కెం ఉండేది కాదు, చక్రాల మధ్య ఎర్రటి గబ్బిలం గుర్తు ఉండేది. ఇవి ఖరీదు. తర్వాత వచ్చిన మెరిసే నలుపు, కొక్కెం ఉన్న బండి తీసుకుంటే అదే బ్లేడు, అవే రాకెట్లు, అదే మంట, ధర మాత్రం బాగా తక్కువ. మొదటి బండి కోసం ఎదురుచూడకండి, ఇదే తీసుకోండి.

బ్యాట్‌మొబైల్ మీ బడ్జెట్ దాటితే కోర్గీలోనే ఇంకా ఉన్నాయి. 1965లో వచ్చిన సెయింట్ వోల్వో, నంబర్ 258, ద సెయింట్ అనే టీవీ షోలో హీరో రోజర్ మూర్ నడిపే కారు. తెల్లటి వోల్వో పీ1800, బానెట్ మీద తల చుట్టూ వలయం ఉన్న గీతల మనిషి బొమ్మ. పెద్ద తమాషాలేమీ చేయదు, కానీ చూడ్డానికి దానంత అందమైన బండి ఆ రోజుల్లో ఇంకోటి లేదు. ఆ షోవాళ్లు ముందు జాగ్వార్ ఈ-టైప్ అడిగితే కంపెనీ ఇవ్వనందట, వోల్వోవాళ్లు ఇచ్చారు, రోజర్ మూర్‌తో పాటు ఆ బండికీ పేరొచ్చింది. చివర్లో విజ్‌వీల్స్ అనే సన్న ఇరుసు చక్రాలతో కొన్ని వచ్చాయి, అవి తక్కువ దొరుకుతాయి, ధర ఎక్కువ. మామూలు చక్రాలదే తీసుకోండి, చూడ్డానికీ అదే బాగుంటుంది.

మ్యాన్ ఫ్రమ్ అంకుల్ అనే గూఢచారుల షోది 1966 ఓల్డ్స్‌మొబైల్ కారు, అందులో నీలం, తెలుపు అని రెండు రంగులు. పైకప్పు మీది పెరిస్కోపు నొక్కితే లోపలి మనుషులు కిటికీలోంచి ఒకరి తర్వాత ఒకరు తుపాకీతో బయటికి వంగుతారు, టక్ టక్ అని చప్పుడు. తెలుపు అరుదు కాబట్టి రేటు చాలా ఎక్కువ, నీలానిదే బుద్ధిగా తీసుకోండి. 70లలో వచ్చిన కోజాక్ బ్యూక్, స్టార్‌స్కీ అండ్ హచ్ ఫోర్డ్ గ్రాన్ టొరినో మీద కూడా నాకు కొంచెం మోజుంది. ఎర్ర టొరినో మీద తెల్ల పట్టీ ఇప్పటికీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాంతోపాటు మూడు మనుషుల బొమ్మలు వచ్చేవి, స్టార్‌స్కీ, హచ్, ఒక దొంగ. నూటికి తొంభై బండ్లలో ఆ ముగ్గురూ ఎప్పుడో పారిపోయి ఉంటారు. వాళ్లు లేకుంటే ధర తగ్గించమని అడగండి, బొమ్మలు విడిగా కొనాలని మాత్రం తర్వాత తిరగకండి, ఆ మూడు బొమ్మలకు బండికంటే ఎక్కువ అడుగుతారు.

డింకీ సంగతి వేరు. లివర్‌పూల్‌లో బిన్స్ రోడ్ మీద మెకానో కంపెనీ ఫ్యాక్టరీ, 1979 నవంబర్‌లో మూతపడింది. వీళ్ల గొప్పతనమంతా గెర్రీ ఆండర్సన్ తీసిన, తీగలు కట్టి ఆడించే బొమ్మల టీవీ షోలలో ఉంది. థండర్‌బర్డ్స్‌లో లేడీ పెనెలొపీ తిరిగే గులాబీ రంగు ఫ్యాబ్ 1, నంబర్ 100, ముందు నాలుగు చక్రాలు, వెనక రెండు, రేడియేటర్‌లోంచి క్షిపణి వస్తుంది. కెప్టెన్ స్కార్లెట్‌లోని స్పెక్ట్రమ్ పర్స్యూట్ వెహికల్, నంబర్ 104. అందులో డ్రైవర్ వెనక్కి తిరిగి కూర్చుంటాడు, బొమ్మలోనూ సీటు అట్లాగే తలుపుతో పాటు బయటికి వస్తుంది. ఇవన్నీ చూడ్డానికి అద్భుతం. కానీ మన తరంలో ఎంతమంది థండర్‌బర్డ్స్ చూశారు? చూడని షో బండికి వేలు పెట్టమని నేను చెప్పను. ఒక్క మినహాయింపు, 80లలో దూరదర్శన్‌లో స్టార్ ట్రెక్ చూసి పెరిగినవాళ్లు ఉంటే డింకీ 358 ఎంటర్‌ప్రైజ్ చూడండి. అది కారు కాదు, అంతరిక్ష నౌక, పైనుంచి గుండ్రటి ప్లాస్టిక్ బిళ్లలు విసురుతుంది. బిళ్లలు లేకున్నా నౌక నిలబడితే చాలు.

నిజానికి కోర్గీ, డింకీ రెంటిలో ఒకటే కొనాలంటే నేను ఆలోచించకుండా కోర్గీ అంటా. డింకీ వాళ్ల టీవీ బండ్లలో ప్లాస్టిక్ భాగాలు ఎక్కువ, సన్నవి, విరిగితే బండి అందం పోతుంది. కోర్గీ బ్యాట్‌మొబైల్‌కు రాకెట్లు పోయినా బండి బండిలాగే ఉంటుంది.

ఎర్టల్‌కు వద్దాం. కేబుల్ వచ్చాక నైట్ రైడర్ చూసి మైమరిచిపోయినవాళ్లు చాలామంది. 1982 నుంచి 1986 దాకా అమెరికాలో వచ్చిన షో, అందులో కిట్ అనే పేరున్న నల్ల పాంటియాక్ ట్రాన్స్ యామ్ కారు, ముక్కు మీద ఇటూ అటూ పరుగెత్తే ఎర్ర లైటు. దాన్ని అప్పుడే ఎర్టల్‌వాళ్లు చిన్న సైజులో చేశారు, ఏ-టీమ్ వ్యాన్ కూడా, 1979 నుంచి 1985 దాకా నడిచిన డ్యూక్స్ ఆఫ్ హజార్డ్ నారింజ రంగు డాడ్జ్ చార్జర్, అదే జనరల్ లీ కూడా. జనరల్ లీ అయితే పెద్ద సైజులోనూ వచ్చింది. ఇవి కోర్గీకంటే చవక, అమెరికాలో పిల్లలున్న ఇంటింటా ఉండేవి. పనితనం తక్కువ, తలుపులు కొన్నింటికే తెరుచుకుంటాయి, అలంకారమంతా స్టిక్కర్లలోనే ఉంటుంది. మన దగ్గర సమస్య అదే. పాత స్టిక్కరు మన ఎండకు చుట్టుకుపోతుంది, ఊడుతుంది. స్టిక్కరు పోయిన జనరల్ లీ అంటే ఒట్టి నారింజ రంగు కారే. చిన్న ఎర్టల్ కొనేటప్పుడు పెయింట్ కంటే స్టిక్కరు బాగుందా చూడండి.

జనరల్ లీ కొనేవాళ్లకు ఇంకో మాట. పైకప్పు మీద అమెరికా అంతర్యుద్ధం నాటి కాన్ఫెడరేట్ జెండా ఉంటుంది, బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడినవాళ్ల జెండా అది. 2015లో వార్నర్ బ్రదర్స్ ఆ జెండా ఉన్న బొమ్మలకు లైసెన్స్ ఆపేసింది, ఆ వార్త రాగానే పాత బండ్లకు గిరాకీ పెరిగింది. అమ్మేవాళ్లు ఇప్పటికీ "బ్యాన్ అయిన పీసు" అని ఊదరగొడతారు. లక్షల్లో తయారైన బొమ్మ అది, ఆ మాటకు మోసపోయి రెండింతలు ఇవ్వకండి. అమెరికాలో మనవాళ్లు ఎవరైనా ఉంటే అక్కడి పాత సామాన్ల దుకాణాల్లో చూసి, వచ్చేటప్పుడు బ్యాగులో వేసుకురమ్మని చెప్తే మేలు.

ఇప్పుడు కొత్తవి. చాలామందికి అసలు ఇవే చాలని నా అభిప్రాయం, చెప్తే ఒప్పుకోరు కానీ. హాట్ వీల్స్‌లో 1966 బ్యాట్‌మొబైల్ వచ్చింది, నైట్ రైడర్ కిట్ వచ్చింది, స్కూబీ డూ వ్యాన్ వచ్చింది. నల్లగొండ ప్రకాశం బజార్‌లోనో, మహబూబ్‌నగర్ సూపర్ మార్కెట్లలోనో రెండొందల లోపు వేలాడుతుంటాయి, ఎప్పుడైనా అదృష్టం బాగుంటే. బాగోలేకపోతే స్టాక్ పెట్టెను షాపులోకి రాకముందే ఎవరో తెరిచి మంచివి ఎత్తుకుపోయి ఉంటారు, అదే బండిని తర్వాత నాలుగింతలకు మీకే అమ్ముతారు. ఈ రీసేల్‌వాళ్ల దగ్గర కొత్త హాట్ వీల్స్ కొనడం నాకు సుతరామూ నచ్చదు. ఇంకో మూడు నెలలు ఆగండి, అదే బండి వేరే రంగులో మళ్లీ వస్తుంది.

పెద్ద సైజు కావాలంటే జాడా చేసే కిట్ ఒకటుంది, 24వ వంతు స్కేలు, ముందు ఎర్ర లైటు నిజంగానే వెలుగుతుంది. పిల్లలున్న ఇంట్లో ఇది పెడితే మీకంటే వాళ్లే ఎక్కువ సంబరపడతారు. స్టార్‌స్కీ టొరినో, ఏ-టీమ్ వ్యాన్ లాంటివి గ్రీన్‌లైట్‌లో చిన్నవీ పెద్దవీ ఉన్నాయి, వివరం బాగుంటుంది. కోర్గీ పేరుతో కూడా, 2008లో హార్న్‌బీ ఆ కంపెనీని కొన్నాక, 1966 బ్యాట్‌మొబైల్ కొత్తగా చైనాలో తయారై వచ్చింది. షోలో కనిపించే బండి బీరువాలో కావాలి, అంతేనంటే కొత్తదే కొనుక్కోండి, మనసు నిశ్చింతగా ఉంటుంది. ఒక్కటే, రేపు అమ్మితే ధర వస్తుందన్న ఆశ పెట్టుకోకండి.

కొత్త కోర్గీని పాతదని అంటగట్టేవాళ్లూ ఉన్నారు. దీనికి మందు సులువు, బండిని తిప్పి అడుగు చూడండి. పాత కోర్గీ అడుగున మేడిన్ గ్రేట్ బ్రిటన్ అని పోత పోసి ఉంటుంది, పాత డింకీకి మేడిన్ ఇంగ్లండ్. మేడిన్ చైనా ఉంటే మాట్లాడాల్సిన పనే లేదు.

అసలు పని రీపెయింట్‌ను పట్టుకోవడం. అడుగుప్లేటును పైభాగానికి పట్టి ఉంచే రివెట్లు ఉంటాయి. ఫ్యాక్టరీ రివెట్టు చివర విచ్చుకుని, నున్నగా, చుట్టూ ఏ గీతా లేకుండా ఉంటుంది. దాన్ని డ్రిల్ చేసి బండి విప్పి రంగు వేసి మళ్లీ బిగించారంటే అక్కడ స్క్రూ ఉంటుంది, లేదా జిగురు మరక ఉంటుంది, లేదా మధ్యలో గుంత ఉంటుంది. ఫోన్ లైటు పక్కనుంచి వేసి చూస్తే దాచలేరు. తలుపు అంచుల్లో, చక్రాల గూడు లోపల రంగు ఒకే మందంలో ఉందా చూడండి, చేత్తో వేసిన రంగు ఆ మూలల్లో గడ్డకడుతుంది. అద్దాల చివర సన్నగా రంగు అంటితే సందేహం అక్కర్లేదు. రీపెయింట్ చేసినవాళ్లు అది రీపెయింట్ అని చెప్పి అమ్మితే నాకు అభ్యంతరం లేదు, ధర అందుకు తగ్గట్టు ఉండాలి. ఒరిజినల్ అని మింట్ రేటు, అంటే కొత్తదానిలా చెక్కుచెదరని బండి రేటు, అడిగితే లేచి వచ్చేయండి.

కొత్త టైర్లు, కొత్త రాకెట్లు మాత్రం పెట్టుకోవచ్చు. పాత రబ్బరు టైరు ఎండిపోయి పగుళ్లు పడుతుంది, అది సహజం. నకలు రాకెట్లు విడిగా చవకలోనే దొరుకుతాయి. కాబట్టి రాకెట్లు లేని బ్యాట్‌మొబైల్‌ను చూసి వదిలేయకండి, రాకెట్లు ఉన్నదానికి వేలు ఎక్కువ అడిగితే అవి ఒరిజినలేనా అని ముందు అడగండి.

అట్టపెట్టె మీద కూడా నా మాట కఠినంగానే ఉంటుంది. పెట్టెతో ఉన్న పాత కోర్గీ ధర లూజు బండికి, అంటే పెట్టె లేనిదానికి, ఎన్నోరెట్లు. ఇంగ్లండ్‌లో చల్లటి ఇంట్లో అటక మీద ఉన్న పెట్టె అది. మన దగ్గర వానాకాలంలో తేమ, చెదలు, ఎండాకాలంలో 45 డిగ్రీల వేడి. పై అంతస్తులో రేకుల గది అయితే ఇక చెప్పక్కర్లేదు. రెండు మూడేండ్లలో రంగు వెలిసి, మూలలు నెరిసి, మీరు పెట్టిన ఎక్కువ పైసలు కళ్లముందే తగ్గుతాయి. పైగా ఇప్పుడు నకలు పెట్టెలు అచ్చం అట్లాగే ప్రింట్ చేసి అమ్ముతున్నారు. పెట్టె లేని బండి కొని, ఆ మిగిలిన పైసలతో ఇంకో బండి కొనుక్కోండి.

బండి లోహం మీద భయం వద్దు. జింకు మిశ్రమంలో సీసం కలిస్తే లోపలి నుంచి పగిలి పొడి అయ్యే జబ్బు ఒకటుంది, కానీ అది ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధానికి ముందు డింకీలకు. 60ల టీవీ బండ్లలో అరుదు. మనకు భయం ప్లాస్టిక్, రంగు, స్టిక్కరు గురించే. పడమటి గోడకు ఆనించిన బీరువాలో పెట్టకండి, ఎండ పడే కిటికీ ముందు అసలే వద్దు, ఫ్యాబ్ 1 గులాబీ రంగు పాలిపోతుంది. కడగాల్సివస్తే బోరు నీళ్లు వాడకండి. మన నల్లగొండ బోరు నీళ్లు ఆరితే నల్లటి బ్యాట్‌మొబైల్ మీద తెల్లటి మరకలు మిగులుతాయి, తుడిచినా పోవు. ఫిల్టరు నీళ్లలో గుడ్డ తడిపి పిండి తుడిస్తే చాలు.

ఎక్కడ కొనాలి అంటే, పాతవాటి కోసం మన ఊళ్లలో వెతకడం వృథా. హైదరాబాద్‌లో ఆదివారం ఎర్రగడ్డ అంగడి, గురువారం జుమేరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య అప్పుడప్పుడు డై కాస్ట్, అంటే లోహం పోత పోసి చేసిన బొమ్మ, కనిపిస్తుంది, ఎక్కువగా లియో మాటెల్ పేరుతో మన దేశంలో తయారైన హాట్ వీల్స్, ఒక్కోసారి డింకీ పాత అచ్చులతో కలకత్తాలో చేసిన నిక్కీ టాయ్స్. అవి టీవీ బండ్లు కావు కానీ వాటి విలువ వాటికుంది, దొరికితే వదలకండి. అక్కడ అమ్మేవాళ్లకు బొమ్మ సంగతి తెలియదు, "ఫారిన్ మాల్ అన్నా" అని తెల్ల మొహం వేసుకుని పెద్ద రేటు చెప్తారు, బేరం ఆడాల్సిందే.

కోర్గీ, డింకీ అయితే బ్రిటన్ నుంచి ఆన్‌లైన్‌లోనో, ఇక్కడి కలెక్టర్ల గ్రూపుల్లోనో తీసుకోవాలి. విదేశం నుంచి తెప్పిస్తే లెక్క ముందే వేసుకోండి. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. పార్శిల్ ఎట్లా లెక్కకడతారన్నదాన్ని బట్టి బండి ధరతో సమానంగా ఖర్చు తేలినా ఆశ్చర్యపోవద్దు. అందుకే ఇక్కడే ఉన్న కలెక్టర్ దగ్గర కొంచెం ఎక్కువ ఇచ్చి తీసుకున్నా నష్టం ఉండదు, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లయితే ఆర్టీసీ కార్గోలో పంపమంటే రేపటికి నల్లగొండ బస్టాండ్‌లో తీసుకోవచ్చు.

మా బామ్మర్ది మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసి, "బావా, మరి నా పదిహేను వేలు?" అన్నాడు. వాడికి చెప్పింది ఇదే: కొక్కెం ఉన్న, మెరిసే నలుపు కోర్గీ బ్యాట్‌మొబైల్, లూజు, రాకెట్లు లేకున్నా పర్వాలేదు, ముందు అద్దం, మంట, బ్లేడు మాత్రం ఉండాలి. మిగిలితే జాడా కిట్ ఒకటి వాడి కొడుక్కి. సెయింట్ వోల్వో వచ్చే ఏడాది చూద్దాం. ఒకవేళ వాడు నైట్ రైడర్ తప్ప ఇంకేమీ చూడలేదంటే బ్యాట్‌మొబైల్ సంగతి ఎత్తేవాణ్ణే కాదు, పాత ఎర్టల్ కిట్ ఒకటి, కొత్త జాడా ఒకటి పక్కపక్కన పెట్టుకోమనేవాణ్ణి, సగం పైసలు మిగిలేవి.

డబ్బులు పంపే ముందు అమ్మేవాళ్లను మూడు ఫోటోలు అడగండి: అడుగుభాగం ఎండలో తీసింది, రెండు ఇరుసులూ దగ్గర నుంచి తీసింది, ఈ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి తీసింది. బ్యాట్‌మొబైల్ అయితే దొర్లిస్తూ చిన్న వీడియో కూడా, మంట ఆడుతుందో లేదో కనిపించాలి. పార్శిల్ వచ్చాక విప్పేటప్పుడు మీరూ వీడియో తీసుకోండి, టేపు కోయక ముందు నుంచే.